బూడిద చెరువు మలుపులో ఆగిన బండి

"బండికి ఏ రోగం లేదు. పొద్దుగాల ఏడింటికి నేనే నడిపి చూసిన. ఒక్కసారి సుత ఆగలే" అన్నాడు భూపాల్.

"పొద్దుగాల ఏడింటికి నాక్కూడ ఏ రోగం ఉండదన్నా. మధ్యాహ్నం ఎండల నిలబెట్టి చూడు, అప్పుడు తెలుస్తది" అన్నాను.

ఎస్ఐ శివ నవ్వు ఆపుకోవడానికి ఫైలు తిరగేశాడు. భూపాల్‌ది కరీంనగర్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ. వచ్చీరాగానే స్టేషన్లో ఉన్న ఒక్క ఫ్యానూ తనకే తగిలేట్టు కుర్చీ జరుపుకుని కూర్చునే రకం. ఇంతకుముందు రెండు కేసుల్లో మేమిద్దరం తలపడ్డాం. రెండూ నేనే గెలిచాను. అతన్నడిగితే ఒకటి అంటాడు.

నా పేరు దీప. చాలా ఏళ్ళు ఇన్సూరెన్సు వాళ్ళకు సర్వేయరుగా పనిచేశాను. గుద్దుకున్న బండ్ల కింద పడుకుని, ఏ ఓనరు ఎంత అబద్ధం చెబుతున్నాడో తేల్చి చెప్పడమే ఆ ఉద్యోగం. తర్వాత గోదావరిఖనిలో డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాను. ఈ కేసు నాకు అప్పగించింది యేసమ్మ. బయట బెంచీ మీద కొంగు నెత్తిన వేసుకుని కూర్చుని ఉంది.

పోయిన నెల ఒక గనిలో హాలేజీ తాడు తెగి ఆమె భర్త మత్తయి చనిపోయాడు. హాలేజీ తాడంటే బొగ్గు టబ్బులను వాలు మీద పైకి లాగే ఇనుప తాడు. దాన్ని నడిపే కాంట్రాక్టరు ముత్యం, "మత్తయే టబ్బును పట్టాలు తప్పించిండు, ఆ గుంజుడుకు తాడు తెగింది, తప్పు ఆయనదే" అని ఊరంతా చాటాడు. చనిపోవడానికి వారం ముందు మత్తయికీ ముత్యానికీ గొడవైంది. కొత్త తాడు అని చెప్పి పాతది వేస్తున్నారు, పైకి రాసి పెడతానని మత్తయి అందరి ముందూ అన్నాడట.

ఆ తెగిన కొసను పెట్టెలో పెట్టి, సీలు వేసి, నిన్న మధ్యాహ్నం పరీక్షకు హైదరాబాదు పంపించారు. వెళ్ళింది ముత్యం బండిలో. వెంట ఉన్నది ముత్యం ఇంజనీరు జగదీశ్వర్. సీలు ఉంది కదా, ఎవరు తీసుకుపోతే ఏంటి అనుకున్నారు పెద్దమనుషులు. ఇంతటి తెలివి లోకంలో లేకపోతే నాబోటిదానికి అన్నం పుట్టదు.

దారిలో బూడిద చెరువు మలుపు దగ్గర ఎండలో బండి ఆగిపోయింది. డ్రైవరు గిడియోన్ నీళ్ళ కోసం వెళ్ళాడు. జగదీశ్వర్ ఫోను మాట్లాడుతూ చెట్టు కిందికి వెళ్ళానంటాడు. ఇద్దరూ తిరిగొచ్చేసరికి సీలు పగిలి ఉంది, పెట్టెలో తాడు లేదు. పోలీసులు వచ్చి తాళం తిప్పితే బండి ఒక్కసారికే స్టార్టయింది. ఇంకేముంది, డ్రైవరు కావాలనే ఆపి, తాడును ఏదో లారీ వాడికి అందించాడని గిడియోన్‌ను లోపలేశారు.

ఆ గిడియోన్ యేసమ్మకు సొంత తమ్ముడు. అదీ అసలు బాధ.

"నా తమ్ముడు అమ్ముకున్నడో లేదో నువ్వే తేల్చు దీపమ్మా. అమ్ముకున్నడంటే వాని మొకం నాకు చూపియ్యకు" అంది యేసమ్మ పొద్దున నా ఇంటికొచ్చి. నిన్నటి నుంచి ఆమె తమ్ముడితో ఒక్క మాట మాట్లాడలేదు. స్టేషన్‌కు అన్నం తెచ్చింది కానీ కానిస్టేబుల్ చేతికిచ్చి బయటే కూర్చుంది.

"సాయంత్రం గిడియోన్‌ను మేజిస్ట్రేటు ముందర పెడుతున్నరు. నన్ను పెట్టుకున్న ముత్యం సార్‌కు బండి ఇచ్చెయ్యుమని కాగితం తెచ్చిన. ఇంకేం మాట్లాడుతవ్ మేడం?" అన్నాడు భూపాల్.

"ముందు డ్రైవరుతోని మాట్లాడుత. తర్వాత నీతోని."

లాకప్పులో గిడియోన్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. రాత్రంతా నిద్ర లేదని కళ్ళే చెబుతున్నాయి. అన్నం గిన్నె మూత కూడా తీయలేదు.

"తమ్మీ, ఏడుపు తర్వాత. నేను అడిగినదానికి చెప్పు. బండి కుదిపి కుదిపి ఆగిందా, గుబుక్కున ఆగిందా?"

"గుబుక్కున ఆగిందక్కా. తాళం తీసేసినట్టే ఆగింది."

"హీటు ముల్లు?"

"నడుమనే ఉండె. ఎక్కలే. అయినా గీ ఎండకు ఇంజన్ గరమైందేమో అని నీళ్ళకు ఉరికిన."

"సెల్ఫ్ కొట్టినవా?"

"చాన సార్లు కొట్టిన. ఇంజన్ మంచిగనే తిరుగుతున్నది, బ్యాటరీ జోరుగనే ఉన్నది. కానీ అందుకుంటలేదు."

"ఇది ఆలోచించి చెప్పు. సెల్ఫ్ కొడుతుంటే ఆర్‌పీఎం ముల్లు లేచిందా?"

గిడియోన్ కళ్ళు మూసుకున్నాడు. స్టీరింగు ముందు కూర్చున్నట్టు చేతులు కూడా పెట్టాడు. "లేదక్కా. సున్న మీదనే పడి ఉండె."

నాకు కేక వేయాలనిపించింది. అబద్ధం చెప్పేవాడెవడూ ఈ మాట కల్పించలేడు. ఇంజన్ తిరుగుతోందని కంప్యూటర్‌కు చెప్పేది క్రాంక్ సెన్సార్ అనే బొటనవేలంత పరికరం. అది పాతబడితే వేడికి మూగబోతుంది. అది మూగబోయిందంటే ఇంజన్ తిరుగుతున్నా ముల్లు సున్న దగ్గరే ఉంటుంది, కంప్యూటర్ డీజిల్ ఆపేస్తుంది. చల్లబడగానే అంతా మామూలే. పోలీసులొచ్చేసరికి స్టార్టయిందంటే అవదా మరి.

"బావను మింగిన తాడు అక్కా అది. దాన్ని నేను అమ్ముకుంటనా? మా అక్క సుత నమ్మినట్టున్నది" అన్నాడు గిడియోన్.

"అన్నం తిను. మళ్ళ బండి నడపాలె నువ్వు" అని బయటకు వచ్చాను.

ఎస్ఐ బల్ల ముందు ఇప్పుడు జగదీశ్వర్ కూడా ఉన్నాడు. ఇస్త్రీ చెదరని చొక్కా. బండి తీసుకుపోవడానికి తనే స్వయంగా వచ్చాడట.

"శివ సార్, నిన్నటి లెక్కనే, నిన్నటి టైముకే, నిన్నటి మనుషులతోనే ఒక్క రౌండు కొడదాం. ఏసీ ఫుల్లు. బొగ్గు లారీల ఎనక మెల్లగ. బండి ఆగకుంటే నా బోర్డు నేనే దింపుకుంట" అన్నాను.

"టైం వేస్టు" అన్నాడు భూపాల్.

"నాకు షుగరున్నది మేడం. ఈ ఎండల నావల్ల కాదు. బండి పొద్దుగూకేలోపే షెడ్డుకు చేరాలె, రేపు డ్యూటీ ఉన్నది దానికి" అన్నాడు జగదీశ్వర్. ఒంట్లో బాగాలేనివాడికి బండి మీద ఇంత ప్రేమ ఎందుకో నాకు అర్థం కాలేదు.

శివ టోపీ తీసుకుని లేచాడు. "ఒక్క రౌండే కదా సార్. నేను గూడ వస్త."

అలా ఆరుగురం ఎక్కాం. గిడియోన్ స్టీరింగు ముందు, పక్కన ఎస్ఐ. నడుమ సీట్లో నేను, భూపాల్, జగదీశ్వర్. వెనక సీట్లో యేసమ్మ. ఆమెను నేను పిలవలేదు, వద్దనీ అనలేదు. ఎక్కి కూర్చుంది.

బొగ్గు లారీల వెనక బండి నత్తనడక నడిచింది. భూపాల్ ఐస్ నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని ఈల వేస్తున్నాడు. రోడ్డు మీద తారు మెరుస్తోంది. బూడిద చెరువు మలుపు వచ్చింది. బండి ఆగలేదు. మలుపు దాటాం. అప్పటికీ ఆగలేదు.

"మంచి ఇంజన్ మేడం. బోర్డు దింపనీకి మా పిలగాండ్లను పంపియ్యాల్నా?" అన్నాడు భూపాల్.

నా బోర్డు కళ్ళ ముందు మెదిలింది. బయటకు మాత్రం, "గిడియోన్, తిప్పు. లారీ ఎనకనే మళ్ళ పోనియ్" అన్నాను. అద్దంలో అతని ముఖం పాలిపోయి కనిపించింది. ఈ రౌండు తప్పితే అతనికి జైలే.

బండి తిప్పి మళ్ళీ మలుపు దగ్గరకు వస్తున్నాం. ఉన్నట్టుండి ఏసీ మోత పోయింది, ఇంజన్ మోత పోయింది. బండి తనంతట తనే రోడ్డు పక్కకు జారి నిలబడింది. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తీయలేదు. నా జన్మలో అంత తియ్యటి హారన్ వినలేదు.

"కాళ్ళు పైకి పెట్టు గిడియోన్. ఎస్సై సార్, వీని కాళ్ళు చూడుండ్రి, చేతులు చూడుండ్రి. వీడు ఆపిండా?"

"లేదు" అన్నాడు శివ.

"సెల్ఫ్ కొట్టు. సార్, ముల్లు చూడుండ్రి."

ఇంజన్ గిరగిరా తిరిగింది కానీ అందుకోలేదు. ముల్లు సున్న మీద నుంచి వెంట్రుకంత కూడా కదల్లేదు. శివ వంగి చూసి, మళ్ళీ కొట్టమని, మళ్ళీ చూశాడు.

"డీజిల్ వస్తలేదేమో" అన్నాడు భూపాల్. అతని ఈల ఎప్పుడో ఆగిపోయింది.

బానెట్ ఎత్తాను. ఫిల్టరు మీది చేతి పంపు భూపాల్ చేతనే నొక్కించాను. గట్టిగా ఉంది, అంటే డీజిల్ నిండుగా ఉంది. "నీ ఐస్ నీళ్ళు ఇటియ్" అని సీసా లాక్కున్నాను. గుడ్డ తడిపి, ఇంజన్ వెనక సందులోకి చెయ్యి దూర్చి, సెన్సార్‌కు చుట్టి, మిగిలిన నీళ్ళన్నీ దాని మీదే పోశాను. మణికట్టు కాలింది. తీయలేదు. కాసేపయ్యాక, "ఇప్పుడు కొట్టు" అన్నాను.

ఒక్కసారికే అందుకుంది. ముల్లు లేచి నిలబడింది.

శివ చప్పట్లు కొట్టబోయి, యూనిఫాం గుర్తొచ్చినట్టుంది, చేతులు కట్టుకున్నాడు. భూపాల్ ఖాళీ సీసా వైపు చూస్తూ నిలబడ్డాడు. కానీ ఒకటి చెప్పాలి, అతను తెలివితక్కువవాడు కాదు.

"మంచిది. బండికి రోగమున్నది. గా రోగం డ్రైవరుకు ముందే ఎరుకై ఉంటది. మలుపు కాడ ఆగుతదని లెక్కేసుకొని మనిషిని పెట్టుకున్నడు" అన్నాడు.

"ఇప్పుడు నువ్వు బండిలనే ఉన్నవు కదా. ఏడ ఆగుతదో చెప్పగలిగినవా? మలుపు దాటినంక నా పానం పోయినంత పనైంది, తెలుసా? ఎక్కడ ఆగుతదో దేవునికి సుత తెల్వదు. దొంగకు అంతకన్నా తెల్వదు. బండి ఆగుడు దొంగ ప్లాను కాదు భూపాలన్నా. దొంగ ప్లాను చెడగొట్టింది అదే."

"మరి తాడేది?"

దానికన్నా ముందు తేలాల్సిన చిన్న ప్రశ్న ఒకటి ఉంది. "గిడియోన్, ఎండాకాలం మొదలై రెండు నెలలాయె. ఇంతకుముందు ఎన్నడన్న ఇట్ల ఆగిందా?"

"ఎన్నడు ఆగలే అక్కా."

"మొన్న బండికి ఎవలన్న పని చేసిండ్రా?"

"నేనైతే చెయ్యలే. మొన్న రాత్రి మాత్రం బండి షెడ్డుల పెట్టిపొమ్మన్నరు. ఎప్పుడు నా ఇంటికాన్నే ఉంటది."

పాత సెన్సార్ రెండు నెలల ఎండను తట్టుకుని, నిన్ననే ఎందుకు చచ్చింది? నిన్న దానికి వేడి ఎక్కువ తగిలి ఉండాలి. లారీవాడి దగ్గర గోనె సంచి అడిగి తారు మీద పరుచుకుని, బండి కిందికి దూరాను.

గనిలో బొగ్గు మోసే రబ్బరు బెల్టు అరిగిపోతే ఈ ఊళ్ళలో అది ప్రతి ఇంటికీ చేరుతుంది. గుమ్మం ముందు పట్టా అదే, మేకల కొట్టంలో పరుపూ అదే. లారీల మీంచి రాలిన బొగ్గు పెళ్ళలు ఇంజన్‌కు తగలకుండా బండ్ల కింద కూడా ఒక ముక్క కడతారు. అయితే కట్టిన ప్రతి డ్రైవరూ కత్తి తీసుకుని దానికి నాలుగు కంతలు కోస్తాడు. ఇంజన్ వేడి కిందికి పోవాలి కదా. ఆ కంతలను కిటికీలంటారు.

"గిడియోన్, నీ బెల్టుకు కిటికీలు కోసినవా?"

"నాలుగు కోసిన అక్కా. నా చేతులతోనే."

"ఒక్కటి లేదు ఈడ."

అతను కూడా కిందికి దూరి చూశాడు. "ఇది నా బెల్టు కాదక్కా. ఎవలో మార్చిండ్రు. ఊపిరాడకుంట కట్టిండ్రు."

ముందువైపు బిగించి కట్టారు కానీ చక్రం పక్కన ఒక అంచు వదులుగా వేలాడుతోంది. ఆ సందులో చెయ్యి పెడితే గోనెగుడ్డ తగిలింది. "కత్తి" అన్నాను. గిడియోన్ కట్లు కోశాడు. బెల్టు ఊడింది, దానితోపాటు గోనెగుడ్డ చుట్టిన మూట ఒకటి దబ్బున తారు మీద పడింది.

మూర చాలని ఇనుప తాడు. బొటనవేలంత లావు. ఇంకా గ్రీజు ఆరలేదు.

నిన్న రాత్రంతా, ఈ పొద్దంతా పోలీస్ స్టేషన్ వాకిట్లో, పోలీసుల ముక్కు కిందే ఉంది. శివ తల పట్టుకున్నాడు. సీట్లు విప్పారు, డిక్కీ వెతికారు, బానెట్ ఎత్తారు. బండి కింద పడుకోవడం మాత్రం ఎవరికీ తట్టలేదు. పొద్దున భూపాల్ దాని మీదే ఎక్కి షికారు చేశాడు. ఆ మాట నేను అనలేదు, అనాల్సిన అవసరమూ రాలేదు. అతని ముఖంలో రక్తం లేదు.

జగదీశ్వర్ అప్పటికే నాలుగు అడుగులు వెనక్కి వేశాడు. యేసమ్మ బండి దిగి అతని దారికి అడ్డంగా నిలబడింది.

"ఏడికి పోతవ్ సారూ? షుగరున్నదంటివి. ఎండల తిరగొద్దు" అంది.

"సార్, మీ అసలు ప్లాను చెప్తా, తప్పుంటే దిద్దుండ్రి" అన్నాను అతని దగ్గరకు వెళ్ళి. "దారిల ఏదో హోటలు కాడ చాయ్‌కు ఆపుడు. డ్రైవరు అటు పోంగనే తాడు బెల్టులకు దూర్చుడు. పరీక్ష కాడ పెట్టె తెరిస్తే ఖాళీ. ఎవలు తీసిండ్రో, ఏడ తీసిండ్రో ఎవనికీ తెల్వదు. రాత్రికి బండి షెడ్డుకొస్తే తాడు మాయం. పనోళ్ళకు చెప్తే బయటపడతదని బెల్టు మీరే కట్టిండ్రు. డ్రైవర్లు దానికి కంతలు ఎందుకు కోస్తరో మీకు తెల్వకపాయె. కంతలుంటే తాడు కనపడతదని ఒక్కటి లేకుండ మూసిండ్రు. బండి సచ్చి రోడ్డు మీద కూసున్నది. డ్రైవరు నీళ్ళకు పోంగనే గిదే మోకా అని తాడు ఈడనే దూర్చిండ్రు, పగిలిన సీలు వాడు చూడనే చూసె. పోలీసులు అట్లనే గుంజుకపోయిండ్రు. గందుకే మీకు ఈ బండి మీద గింత ప్రేమ."

జగదీశ్వర్ చొక్కా ఇస్త్రీ ఇప్పుడు చెమటకు పోయింది.

నేను తాడు కొసను ఎండలోకి తిప్పి పట్టుకున్నాను. క్రేన్ల క్లెయిముల్లో తెగిన తాళ్ళు చాలానే చూశాను. బరువుకు తెగిన తీగ కొస సాగి, సన్నబడి, సూదిలా ఉంటుంది. ఇందులో సగం తీగలు అలాగే ఉన్నాయి. మిగతా సగం కొసలు చదునుగా, ఒకే వరసలో, గ్రీజు తుడిస్తే తళతళమని మెరుస్తున్నాయి.

"శివ సార్, ఇది పాతదై తెగిన తాడు కాదు. సగం దాకా రంపం పెట్టి కోసిండ్రు. మిగిలిన సగం బరువుకు తెగింది" అన్నాను. నాసి రకం తాడును దాస్తున్నారనే అనుకున్నాను ఇప్పటిదాకా. ఇది హత్య.

"నేను కొయ్యలే" అన్నాడు జగదీశ్వర్. రోడ్డు పక్కన కూర్చుండిపోయాడు. "యేసు మీద ఒట్టు, దేవుని మీద ఒట్టు, ఎవని మీదన్న ఒట్టు. దాచుమన్నరు, దాచిన. గంతే."

"ఎవలు?"

అప్పుడే భూపాల్ ఫోను మోగింది. భూపాల్ తెర వైపు చూశాడు, తాడు వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత స్పీకరు నొక్కి ఫోను బానెట్ మీద పెట్టాడు. అతను నాకు ఎన్నిసార్లు అడ్డం వచ్చాడో లెక్కలేదు కానీ, ఆ ఒక్క పనికి నేనతనికి దండం పెట్టాలి.

"భూపాల్, బండి బయటికచ్చిందా?" ముత్యం గొంతు.

"వచ్చింది సార్."

"సీదా షెడ్డుకు తీసుకరా. ఏడా ఆపకు. మెకానిక్‌లకు చూపియ్యకు. కింది బెల్టు ఎవల్నీ ముట్టనియ్యకు, సమజైందా?"

"బెల్టుల ఏమున్నది సార్?"

"నీకెందుకు? మత్తయిగాడు గట్లనే అన్నీ అడుగుతుండె."

శివ చెయ్యి నడుముకున్న బెల్టు మీదికి పోయింది. నేను ఫోను ఆపేద్దామనుకునేలోపే యేసమ్మ ఒక చేత్తో దాన్ని, ఇంకో చేత్తో నా దగ్గరి తాడును అందుకుంది. నిన్నటి నుంచి ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి, నిదానంగా, ఒక్కొక్క మాటే పలికింది.

"ముత్యం, నేను మత్తయి పెండ్లాన్ని. తాడు దొరికింది. కోసిన కొస నా చేతిలనే ఉన్నది."

అవతల ఊపిరి వినిపించింది. తర్వాత కుర్చీ పడిన చప్పుడు, పరుగెత్తే అడుగులు, కారు తలుపు.

"పారిపోతున్నడు" అన్నాడు శివ. స్టేషన్ జీపు ఇక్కడికి రావాలంటే చాలాసేపు పడుతుంది. అతను గిడియోన్ వైపు తిరిగాడు. "షెడ్డుకు ఎంతల తీసుకపోతవ్?"

"బెల్టు ఊడింది కదా సార్, గాలి ఆడుతది. ఇగ యాడా ఆగది" అన్నాడు గిడియోన్. అయినా స్టీరింగు ముట్టలేదు. తలుపు పట్టుకుని, అక్క వైపు చూస్తూ నిలబడ్డాడు. పోలీసులు వదిలినా, కోర్టు వదిలినా, అతను ఎదురుచూస్తున్న తీర్పు అది కాదు.

యేసమ్మ తాడును గోనెగుడ్డలో చుట్టి చంకన పెట్టుకుంది. ఎస్ఐ ఎక్కబోతూ తెరిచిన ముందు తలుపులోంచి తనే ఎక్కి, తమ్ముడి పక్క సీట్లో కూర్చుంది. శివ జగదీశ్వర్‌ను రెక్క పట్టి లేపుకుని వెనక ఎక్కాడు.

"పోనియ్ రా తమ్మీ" అంది.